సుక్క ముంగాలి మీద బీరమ్మ చెయ్యి

బీరమ్మ చెయ్యి అబద్ధమాడదని ఆ గుర్రాల ఫారంలో అందరికీ గట్టి నమ్మకం. ఏ గుర్రమైనా సరే, ముందుకాలి మోకాలి కింద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుందంటే లోపల వేడి ఉందో లేదో చెప్పేసేది. వేడి ఉందంటే ఆ పూట దానికి పరుగు బంద్. మేనేజర్ శివకుమార్ కూడా ఆ మాటకు తిరుగు చెప్పేవాడు కాదు. అలాంటి చెయ్యి ఒక చలికాలం పొడుగునా అబద్ధమాడింది. అదీ ప్రేమకొద్దీ. మామూలు అబద్ధాన్ని ఎవరైనా పట్టుకుంటారు గానీ, ప్రేమకొద్దీ ఆడినదాన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

బీరమ్మది మహబూబ్‌నగర్ వైపు పల్లె. కురుమల ఇంట పుట్టింది కాబట్టి నడక నేర్చుకున్నది మంద వెనకాలే. వరికోతలు అయిపోగానే వాళ్ళ నాయన గొర్రెలను తోలుకొని హాలియా దాకా నడిచేవాడు. సాగర్ కాలువ కింద కోసిన మళ్ళలో రాత్రిపూట మంద పెడితే ఎరువు పడుతుందని అక్కడి రైతులు పిలిచి మరీ జాగా చూపించేవారు. పోయేటప్పటికన్నా తిరిగొచ్చేటప్పటికి మంద పెరిగేది. దారిలో ఈనిన గొర్రెల పిల్లలు నాయన గొంగడి మడతల్లోంచి తలలు బయటపెట్టి చూస్తుండేవి.

ఆ నడకలో నాయన ఆమెకు నేర్పిన పాఠం ఒక్కటే. మంద నడవాలి, ఉరకగూడదు. మంద ఉరికిందంటే తోడేలు వచ్చినట్టు, లేకపోతే ఊరకుక్కలు వెంటపడ్డట్టు. సూడి గొర్రెలు నెలలు నిండకుండానే ఈసుకుపోతాయి, పిల్లలు కాళ్ళ కింద పడతాయి, రాళ్ళ సందుల్లో కాళ్ళు విరుగుతాయి. గొర్లకాపరి పనంతా గొర్రెలు ఉరకకుండా చూడటమే. బడి మొహం చూడని బీరమ్మకు ఈ పాఠం మాత్రం నరనరానా ఎక్కింది.

చిట్యాల దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చింది. మొగుడు మల్లప్పకూ మంద ఉండేది. కొన్నాళ్ళకు గొర్రెలు మేసే బీళ్ళలో రంగులేసిన హద్దురాళ్ళు మొలిచాయి. వాటి మధ్య గడ్డి మొలవడం మానేసింది. మల్లప్ప గొర్రెలన్నీ అమ్మి, ఊరికే చేతులు కట్టుకొని కూర్చోలేక కొన్ని మేకలను మిగుల్చుకున్నాడు. తెలంగాణ వచ్చిన మరుసటేడు హైవేకు లోపలగా ఒక గుర్రాల ఫారం వెలిసింది. దాని ఆసామి పట్నం సేటు. గుర్రప్పిల్లలను అక్కడ పెంచి, సవారీకి అలవాటు చేసి, హైదరాబాద్ రేసులకు పంపిస్తారు. గడ్డి కోసేందుకు మనుషులు కావాలంటే బీరమ్మ పోయింది.

మొదటి రోజు గుర్రాన్ని దగ్గర నుంచి చూసి, "మా గొర్రెకే మెడ, కాళ్ళు గుంజినట్టున్నది గదనే," అంది పక్కనున్న జంగమ్మతో. భయపడలేదు. నెల తిరక్కుండానే గడ్డి మోపు పక్కనపెట్టి పిల్లల లాయంలోకి దూరింది. ఏ పిల్ల తల్లి పాలు సరిగ్గా తాగడం లేదో, ఏది నలతగా ఉందో ఆమె చెబితే గానీ తెలిసేది కాదు. శివకుమార్ ఆమెను అక్కడే ఉంచేశాడు.

తరవాత కొన్నేళ్ళకు సుక్క పుట్టింది. ఈనిన పూటే తల్లి చనిపోయింది. కాగితాల మీద ఆ పిల్లకు నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి రాశారు గానీ, నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న పిల్లను కురుమలు ఏమని పిలుస్తారో బీరమ్మ అలాగే సుక్క అని పిలిచింది. డబ్బా పాలు పట్టింది. చలి ముదిరితే తన గొంగడి కప్పింది. అది ఆమెను తల్లి అనుకుందో, మంద అనుకుందో గానీ కొంగు వదిలేది కాదు. ఒకసారి ఆమె వెంట ఇంటిదాకా వచ్చి, దండెం మీది మల్లప్ప తువ్వాలను సగం నమిలింది.

"నీ బిడ్డ నా తువ్వాల తిన్నది. ఇగ నన్ను ఎప్పుడు తింటదో," అన్నాడు మల్లప్ప.

"నువ్వు ముదిరినవ్, నిన్ను నమలలేదు లే," అంది బీరమ్మ.

సుక్క రెండో ఏట పడింది. పట్నం నుంచి వారానికోసారి వచ్చే పశువుల డాక్టరు సుచరిత దాని కాళ్ళు చూసి పెదవి విరిచింది. సుచరితది నల్లగొండే. మాటలో ఊరిదనం పోలేదు, చదువు మాత్రం గుర్రాల ఎముకల మీదే సాగింది.

"దీని బొక్క సన్నగున్నది. ఇప్పటినుంచే గట్టి చెయ్యాలె," అని మేనేజరును, బీరమ్మను, ఇంకో గుర్రప్పిల్లను చూసుకునే సైసు జానీని దగ్గరికి పిలిచింది. "రెండు పిల్లలకూ వారంల రెండు రోజులు ఉరుకుడు. ఎక్కువ దూరం అక్కర్లేదు. ఫారం బాట ఈ కొస నుంచి ఆ కొస దాక చాలు, కానీ గట్టిగ ఉరకాలె. మిగిలిన రోజులు ఊరికే బయట వదిలిపెట్టుండ్రి. లాయంల కట్టెయ్యద్దు."

బీరమ్మ అడ్డుపడింది. "గా అగ్గిపుల్లలసొంటి కాళ్ళతోని ఉరుకుతె విరిగిపోవా బిడ్డా? నేను రోజూ నడిపిస్త. ఎంత దూరమంటె అంత దూరం నడిపిస్త. నడిస్తెనే గదా కాలు గట్టిపడేది?"

"నడక మంచిదే అక్క. కానీ బొక్కకు నడక కొత్త గాదు. రోజూ ఉన్నదేనని ఊకుంటది. ఉరికినప్పుడు దెబ్బ తగులుతది చూడు, అప్పుడే నేను గట్టిపడాలె అని దానికి తెలుస్తది."

బీరమ్మ తలూపింది. ఊపిన తలలోకి మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు. పట్నం పోరి, మంద ఉరికితే ఏమవుతుందో చూసి ఉండదు, అనుకుంది.

ఇక మొదలైంది. పరుగు రోజు పొద్దున్నే సుక్క ముంగాలి మీద చెయ్యి పెట్టేది, కళ్ళు మూసుకునేది, పెదవి చప్పరించేది. "జర వేడి తలుగుతాంది సారూ," అనేది. ఒక వారం కుడికాలు, ఒక వారం ఎడమకాలు. మరీ అనుమానం వస్తుందనిపిస్తే ఒకరోజు సరేననేది గానీ, సవారీ చేసే నరసింహను చాటుకు పిలిచి, "జర మెల్లగ పోనీ తమ్మి, పిల్లకు కడుపు బాగలేదు," అని చెవిలో ఊదేది. పాపం నరసింహ బక్కపలచని మనిషి, మెతకవాడు. కడుపు బాగాలేని పిల్లను కళ్ళెం బిగబట్టి షికారు తిప్పినట్టు తిప్పి తీసుకొచ్చేవాడు.

ఆ లోటు పూడ్చాలని బీరమ్మ సుక్కను రోజూ తానే నడిపించింది. సీతాఫలం చెట్ల గుట్ట చుట్టూ, జొన్నచేల గట్ల మీదుగా, వాళ్ళ ఊరి మొగదాకా. ముందు ఆమె, వెనక సుక్క, ఒక్కోసారి దాని వెనక మల్లప్ప మేకలు. ఊరి జనం ముక్కున వేలేసుకున్నారు. బీరమ్మకు గర్వంగా ఉండేది. ఫారంలో ఏ గుర్రమూ ఇంత నడవలేదని, వీటన్నిటికన్నా సుక్క కాలే గట్టిదని ఆమె లెక్క.

శివరాత్రికి చలి పోయింది. సుచరిత ఎక్స్‌రే మిషను తెచ్చి రెండు పిల్లల కాళ్ళకూ బొమ్మలు తీసింది. లాయం ముందు బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి రెంటినీ పక్కపక్కన పెట్టింది. చదువు రాని బీరమ్మకు కూడా తేడా కనిపించింది. జానీ గుర్రం కాలి ఎముక ముందువైపు గోడ దిట్టంగా, తెల్లగా ఉంది. సుక్కది పలచగా, గీత గీసినట్టుంది.

"రెండూ ఒక్క వయసువే. పని ఒక్కటే చెప్పిన," అంది సుచరిత, ఎవరితోనో కాదు, తనతోనే. "ఊకూకె కాలు వేడెక్కుతాందంటె దీనికి పుట్టుకతోనే బలం లేదేమో. నా అంచనానే తప్పు."

శివకుమార్ మెడ రుద్దుకున్నాడు. "సేటు ముందే చెప్పిండు మేడం. బొక్క నిలవదంటె ఉంచుకోడంట. పట్నంల బరాత్‌ల వాళ్ళు అడుగుతాండ్రట. ఆడపిల్ల, నెమ్మదైనది, నుదుటి మీద మచ్చ, పెళ్ళికొడుకు కింద అందంగ కనపడతదని."

బీరమ్మ ఒక బరాత్ గుర్రాన్ని చూసింది. నార్కట్‌పల్లి ఫంక్షన్ హాలు ముందు, జంగమ్మ మేనకోడలి పెళ్ళిలో. ముఖం మీద జనరేటర్ లైట్లు, చెవుల పక్కన డీజే డబ్బాలు, కాళ్ళ ముందు పటాకులు. ఆ గుర్రం అదరలేదు, బెదరలేదు. అంత చప్పుడులో కదలకుండా తారురోడ్డు మీద నిలబడి ఉండటం చూసి, దీనిలో ప్రాణమేదో ముందే పోయిందని బీరమ్మకు అనిపించింది. ఆ రోజు పెళ్ళిభోజనం సయించలేదు.

సుచరిత సేటుకు ఫోను చెయ్యడానికి చెయ్యి జేబులో పెట్టింది.

"ఆగు బిడ్డా," అంది బీరమ్మ. "దాని కాలు ఎన్నడు వేడి లేకుండె."

శివకుమార్‌కు అర్థం కాలేదు. "ఏం మాట్లాడుతున్నవ్? నువ్వే గద చెప్పింది?"

"నేనే చెప్పిన సారు. ఉత్తగనే చెప్పిన. ఉరుకుడు నాకు భయం. అది ఉరకనే లేదు. ఒక్కనాడు గూడ సరిగ్గ ఉరకలేదు. నరసింహది తప్పు లేదు, ఆయనకు నేనే చెప్పిన."

జానీ చేతిలో ఉలవల బొచ్చె పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. సుచరిత ముఖం ఎర్రబడింది. ఆమెకు కోపం వస్తుందని ఆ ఫారంలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"నీ చెయ్యి మీద భరోసా పెట్టుకొని నేను మందు మారుస్తున్న, దాణా మారుస్తున్న. ఎందుకు వేడి వస్తాందో తెల్వక పుస్తకాలు తిరగేస్తున్న. నువ్వేమో దాన్ని కాపాడుతున్న అనుకుంటున్నవ్. కాపాడి కాపాడి దాని కాళ్ళు తీసేసినవ్ అక్క."

ఆ మాట బీరమ్మకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఏడుపొచ్చింది. దాచుకోలేదు, అందరి ముందూ ఏడ్చింది. కాసేపటికి సుచరితే మెత్తబడింది. బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చి, ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది.

"బొక్క అంటె బండరాయి గాదు. అది బతికున్నది. దరువు పడితె పడ్డకాడ మెల్లగ గోడ కట్టుకుంటది. పడకపోతె ఈ గోడ నాకెందుకని ఉన్నదాన్ని గూడ ఇడిచిపెడతది. నీ తప్పు నీకు ఎరికైంది. ఇంకా టైం ఉన్నది."

ఫోను చేసి సేటుతో ఒక్క మాటే చెప్పింది. చెప్పిన పరుగులు పడలేదు, కాబట్టి ఇప్పుడే ఏదీ తేల్చలేను, వానలు పడేదాకా ఆగండి అని. ఎవరివల్ల పడలేదో చెప్పలేదు. సేటు గొణిగి ఒప్పుకున్నాడు. అప్పటికీ ఎముక నిలవకపోతే మాత్రం బరాత్ వాళ్ళే ఖాయం అన్నాడు.

శివకుమార్ కేకలెయ్యలేదు, పని తీసెయ్యలేదు. "ఇగ కాళ్ళు జానీ చూస్తడు," అన్నాడంతే. బీరమ్మ తన అరచేతిని ఒకసారి చూసుకొని చీరకు తుడుచుకుంది. కేకలేసినా బాగుండేదనిపించింది.

తరవాతి పరుగు రోజు ఇంకో గొడవ. నరసింహ ఎక్కి అదిలిస్తే సుక్క నాలుగడుగులు వేసి ఆగింది. బాట పక్క గడ్డి కొరికింది. మళ్ళీ అదిలిస్తే వెనక్కి తిరిగి బీరమ్మ ఎక్కడుందోనని వెతికింది. చలికాలమంతా మేకల ముందు నడిచిన జీవి, ఉరకడం ఎందుకో దానికి ఏం తెలుసు? నరసింహ దిగి టోపీ తీసి, "ఇది గుర్రం గాదు సారు, గొర్రె," అన్నాడు. జానీ నవ్వాపుకోలేక గోడ చాటుకు పోయాడు.

సుచరిత బాట చివరకు చెయ్యి చూపింది. "బీరమ్మక్క, నువ్వు ఆ కొసకు పోయి నిలబడు. మందను ఎట్ల పిలుస్తవో గట్ల పిలువు."

అలా పరుగును ఆపిన మనిషే పరుగుకు పిలవాల్సి వచ్చింది. బాట చివర ఎర్రమట్టిలో నిలబడి, నాలుక అంగిటికి ఆనించి, నాయన నేర్పిన కూత పెట్టింది. దూరాన సుక్క చెవులు నిక్కాయి. తరవాత నేల దడదడలాడింది. బీరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏ క్షణాన కాలు విరిగిన చప్పుడు వినపడుతుందోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుంది. చప్పుడు దగ్గరికొచ్చింది, ఆగింది, వెచ్చటి ఊపిరి మెడకు తగిలింది. కళ్ళు తెరిస్తే సుక్క ఎదురుగా రొప్పుతూ నిలబడి ఉంది. నాలుగు కాళ్ళూ ఉన్నాయి.

నరసింహ దిగుతూ, "వదినా, ఇది ఉరుకుతది," అన్నాడు.

తరవాతి వారం ఒక కన్ను తెరిచింది. ఇంకో వారానికి రెండూ తెరిచింది. తెరిచి చూశాక ఆమె మనసు ఇంకో వైపుకు ఒరిగింది. మెడ చాచి, జూలు ఎగరేసుకుంటూ వచ్చే సుక్కను చూస్తుంటే వారానికి రెండు రోజులు ఏ మూలకూ చాలేవి కావు. ఒకరోజు సుచరిత కారు దిగీ దిగకముందే ఎదురుపోయింది.

"రోజూ ఉరికిస్తె జల్ది గట్టిపడదా బిడ్డా? వానలు దగ్గరకొస్తున్నయి."

సుచరిత నడుం మీద చేతులు పెట్టుకొని నవ్వింది. "అప్పుడు ఒక్కనాడు గూడ వద్దంటివి, ఇప్పుడు దినాం గావాల్నా? గోడ కట్టేటోళ్ళకు సిమెంటు ఆరేదాక టైం ఇయ్యాలె గదా. దినాం ఉరికిస్తె ఉన్న గోడకే నెర్రెలు పడతయి. ఉరికిన నాడు బొక్కకు మాట చెప్పినట్టు, ఊకున్న నాడు అది పని చేసుకున్నట్టు."

ఈసారి మాట తలకెక్కింది. ఆ సాయంత్రం మల్లప్పకు అన్నం పెడుతూ అంతా అప్పజెప్పింది. మల్లప్ప పచ్చిపులుసు కలుపుకుంటూ శ్రద్ధగా విన్నాడు. "గట్లయితె నేను గూడ వారానికి రెండు రోజులె పనిజేస్త. మిగిలిన రోజులు నా బొక్కలు గట్టిపడనీ," అన్నాడు.

రోహిణి ఎండలు మాడ్చి, మొదటి వాన పడ్డాక సుచరిత మళ్ళీ మిషను తెచ్చింది. బీరమ్మ దగ్గరికి రాలేదు, లాయం స్తంభం పట్టుకొని దూరంగా నిలబడింది. సుచరిత బొమ్మను చూసింది, పెద్దది చేసి చూసింది, తరవాత ల్యాప్‌టాప్‌ను ఎత్తి బీరమ్మ వైపు తిప్పింది. గీత పోయి గోడ వచ్చింది. అంత దూరం నుంచే కనిపించింది. బీరమ్మ స్తంభాన్నే కావలించుకుంది. ఇక బరాత్ లేదు, డీజే లేదు, సుక్క గెలిచింది.

సుక్క పట్నం రేసులకు పోతుందన్న సంగతి ఆ సంతోషంలో ఆమెకు తట్టలేదు. లారీ వచ్చిన పొద్దున తట్టింది.

సన్నటి తుంపర పడుతోంది. లారీ వెనక పలక దించి ఇసుక చల్లారు. జానీ గుర్రం పేచీ పెట్టకుండా ఎక్కింది. సుక్క మాత్రం పలక మీద ముందుకాలు పెట్టి, తీసి, వెనక్కి జరిగింది. నరసింహ లాగాడు, జానీ వెనక నుంచి నెట్టాడు. కదల్లేదు. మళ్ళీ కాలు పెట్టి మళ్ళీ తీసింది. శివకుమార్ నుదురు ముడిపడింది.

"కాలు ఏమన్న నొస్తాందా? నొప్పి కాలుతోని దారిల నిలబెడితె చేసిందంతా పాడైతది. జానీ, చూడు."

జానీ కాలు పట్టుకొని చూసి తల గోక్కున్నాడు. "నాకు ఎప్పుడు అన్ని కాళ్ళు ఒక్కతీర్గనే ఉంటయి సారు. తెలిసేటి మనిషిని పెట్టుకొని నన్నడుగుతరేంది?"

శివకుమార్ ఆ మాట జానీతో అనిపించుకోవాలనే ఇన్నాళ్ళూ కాచుకొని ఉన్నాడేమో. బీరమ్మ వైపు తిరిగాడు. "రా బీరమ్మ. నువ్వు చూసి చెప్పు. వేడుంటె ఇయ్యాల ఎక్కియ్యను, ఇక్కడనే ఉంటది."

బీరమ్మ వచ్చి తడిమట్టిలో కూర్చుంది. అలవాటైన చోట అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. చేతి కింద ఎముక నున్నగా, దిట్టంగా తగిలింది. వేడి లేదు. జర వేడి తలుగుతాంది అంటే చాలు, లారీ పోతుంది, సుక్క ఉంటుంది. రేపు పొద్దున లాయం తలుపు తీయగానే భుజం మీద మూతి పెడుతుంది. ఎవరూ పట్టుకోలేరు, డాక్టరు కూడా ఊళ్ళో లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. ఉంచుకోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంది. కళ్ళు తెరవడానికి మామూలు కన్నా చాలాసేపు పట్టింది.

"సల్లగున్నది సారు," అంది. "కాలు మంచిగున్నది. పలక సప్పుడుకు బెదురుతాంది, అంతే."

లేచి, చీరకంటిన మట్టి దులుపుకొని, తనే పలక మీదుగా లారీలోకి ఎక్కింది. ఆ చివర చీకట్లో నిలబడి కూత పెట్టింది. సుక్క చెవులు నిక్కాయి. పలక దడదడలాడింది. ఒక్క ఉరుకున పైకొచ్చి ఆమె భుజం మీద మూతి ఆనించింది. బీరమ్మ తాడు కమ్మీకి కట్టి, పక్క తలుపులోంచి కిందికి దిగింది.